డిక్కీ డోరును మోసే గాలి

మా తమ్ముడి కారు వెనక డోరును రెండు నల్లటి గొట్టాలు మోస్తాయి. మూరెడు పొడవు, బొటనవేలి కంటే కొంచెం లావు. మెకానిక్కులు వాటిని డిక్కీ షాకర్లు అంటారు. అమ్మే డబ్బా మీద గ్యాస్ స్ట్రట్ అని ఉంటుంది. డోరును కాస్త ఎత్తి వదిలితే మిగతా దూరం అవే తీసుకుపోతాయి. చూసేవాళ్లకు లోపల స్ప్రింగు ఉందనిపిస్తుంది. స్ప్రింగు లేదు, గాలి ఉంది. ఆ గాలి కొద్దికొద్దిగా పోతున్న రోజుల్లో రోజూ చూసింది నేను, కొలిచింది నేను, రాసి పెట్టుకుంది నేను. ఆ డోరు కింద నలిగింది మా మరదలి కుడి చెయ్యి.

యాచారం వైపు తమ్ముడికి వాన మీద పండే చేను ఉండేది. జొన్న, కంది వేసేవాళ్లు. ఆ భూమి ప్రభుత్వ సేకరణలో పోయింది. పాత కారు ఒకటి కొని, భార్యాభర్తలు ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు అమ్మడం మొదలుపెట్టారు. కొన్న పిండితో. డిక్కీలో రొట్టె పీట, పిండి డబ్బా, కూర గిన్నెలు. దాని ముందు మడత బల్ల, బల్ల మీద పొయ్యి, రొట్టె కాల్చే పెంక. పైకి లేచిన డోరే వాళ్ల కొట్టుకు కప్పు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు ఆమె ఆ నీడలో నిలబడి రొట్టెలు తట్టేది, తమ్ముడు కాల్చేవాడు.

జొన్నపిండికి సాగే గుణం లేదు. కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. మరిగే నీళ్లు పోసి కలిపి, అరచేత్తో తట్టాలి. తట్టిన ప్రతిసారీ రొట్టె పీట మీద కొంచెం తిరగాలి. ఆ తిప్పేది కుడి మణికట్టు. మా మరదలు కొనడానికి వచ్చిన గిరాకీతో మాట్లాడుతూ, చేతికేసి చూడకుండా, అంచు ఎక్కడా పగలకుండా పళ్లెమంత రొట్టె చేసేది. లారీ డ్రైవర్లు ఆ రొట్టె కోసమే బండ్లు ఆపేవారు. చేను పోయిన తర్వాత ఆ ఇల్లు నడిచింది ఆమె మణికట్టుతోనే.

నేను వాళ్లతోనే ఉంటాను. నా భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. మంచినీళ్ల పంప్‌హౌస్‌లో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడ గంటగంటకూ రీడింగులు రాయాలి: వోల్టేజి, ప్రెషరు, బేరింగు వేడి. ఉద్యోగం అయిపోయినా రాసే అలవాటు పోలేదు. అంతకుముందు నుంచీ డైరీ ఉండనే ఉంది. కారు బాగోగులు చూడడం నా వంతు అనుకున్నాను. వాళ్లు కూడా అలాగే అనుకున్నారు.

ఆ ఏడు దసరాకు కారుకు పూజ చేశాను. పంప్‌హౌస్‌లో ఉన్నన్నాళ్లు ఆ పని నాదే. మోటార్లకు, వాల్వులకు, ప్యానెల్ బోర్డుకు, ఆఖరికి నూనె డబ్బాకు కూడా బొట్టు పెట్టేవాడిని. పనిచేసే ఏ వస్తువూ ఆ రోజు బొట్టు లేకుండా ఉండకూడదని నా పట్టింపు. తమ్ముడి కారుకూ అలాగే చేశాను. పసుపు ముద్దగా కలుపుకుని స్టీరింగుకు, గేరు రాడ్డుకు, నాలుగు చక్రాలకు, తలుపుల తాళాలకు పెట్టుకుంటూ వెనక్కి వచ్చాను. డిక్కీ డోరు ఎత్తి ఉంది. షాకర్లలోంచి కిందికి వచ్చిన ఉక్కు కడ్డీలు తళతళా మెరుస్తున్నాయి.

మరదలు గిన్నెలు కడుగుతూ నవ్వింది. "బావా, స్క్రూలకు గూడ పెడ్తవా ఏంది?"

"పెడ్త. అవి పని జేస్త లేవా?"

"నా రొట్టె పెంకకు పెట్టినవా మరి?"

"పెట్టిన. నువ్వే చూస్త లేవు."

ఆ రెండు కడ్డీలకు మూడేసి చొప్పున పసుపు బొట్లు, వాటి మీద కుంకుమ పెట్టి, డోరు మూశాను.

రెండు రోజుల తర్వాత డోరు ఎత్తుతుంటే సన్నగా గీరుకున్న చప్పుడు వచ్చింది. చూస్తే బొట్లు ఎండి కడ్డీకి పెళుసుగా అంటుకుని ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచాను, మరక పోలేదు. మరదలిని అంట్లు తోమే స్టీలు పీచు అడిగాను.

"గది మాడిన గిన్నెలకు, బావ."

"కొత్తది ఇయ్యి. ఇది గూడ ఇనుమే గద."

ఇచ్చింది. కడ్డీలు రెండూ మరక పోయేదాకా రుద్దాను. ఆ రోజు డైరీలో ఉన్న మాట ఇది: "డిక్కీ షాకర్లు శుభ్రం చేశాను. అద్దంలా ఉన్నాయి."

ఇంకో రెండు మూడు వారాలకు కడ్డీ గొట్టంలోకి దూరే చోట చిన్న తడి వలయం కనిపించింది. వేలితో తీసి చూశాను, పలచటి నూనె. ఇక్కడ నా అనుభవమే నన్ను తప్పుదారి పట్టించింది. నీళ్ల పంపులో తిరిగే షాఫ్టు చుట్టూ నీరు పోకుండా ఒక తాడు చుట్టి బిగిస్తాం. ఆ బిగింపును గ్లాండు అంటాం. గ్లాండు చుక్కచుక్కగా కారుతూ ఉండాలి. ఆ చుక్కలే తాడును చల్లగా ఉంచుతాయి. పూర్తిగా ఆగేలా బిగిస్తే తాడు మాడుతుంది, షాఫ్టు గాడి పడుతుంది. కొత్తగా వచ్చిన ఆపరేటర్లు కారుతోందని కంగారుపడి బిగిస్తే నేనే తిట్టి సడలించేవాడిని. కారే గ్లాండు ఆరోగ్యంగా ఉన్న గ్లాండు అని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. అందుకే ఆ నూనె వలయం చూసి నాకు తృప్తి కలిగింది. "సీలు చెమ్మగా ఉంది. మంచిదే" అని రాసుకున్నాను.

చలి మొదలైంది. ఒక పొద్దున సామాను సర్దుతూ మరదలు అంది, "డోరు నెత్తికి తాకుతున్నది బావ. ముందు గట్ల లేకుండె."

"సలికి గాలి ముడుచుకుంటది. ఎండ వడితే లేస్తది."

నేను చెప్పింది అబద్ధం కాదు. చల్లబడితే గ్యాసు ఒత్తిడి తగ్గుతుంది. కొత్త షాకర్లు కూడా చలికాలం పొద్దున కొంచెం మందంగానే లేస్తాయి. నా మాట రుజువు చేసుకోవడానికి టేపు తీసుకుని నేల నుంచి డోరు అంచు వరకు కొలిచాను. మధ్యాహ్నం రొట్టె తినడానికి వాళ్ల దగ్గరికి పోయినప్పుడు మళ్లీ కొలిచాను. రెండు వేళ్లు లేచింది. మరదలికి చూపించాను. "అవ్" అంది.

ఆ రోజు నుంచి పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం ఒక కొలత. వరుసగా రాశాను. పొద్దుటి కంటే మధ్యాహ్నం ఎప్పుడూ ఎక్కువే ఉండేది. నాకు అదే కావాలి కాబట్టి అదే చూశాను. ఈ మధ్యాహ్నపు కొలతను పోయిన వారం మధ్యాహ్నపు కొలత పక్కన పెట్టి చూడాలని తోచలేదు. రోజుకింత దిగుతూనే ఉంది. అది కూడా నా చేతిరాతలోనే ఉంది. కొలుస్తున్నాను కాబట్టి దాని సంగతి నాకు తెలుసనుకున్నాను.

తమ్ముడు ఎక్కువ ఆలోచించే మనిషి కాదు. వేపకొమ్మ ఒకటి నరికి, డోరుకు పోటుగా పెట్టాడు. రెండు రోజులు అలాగే నడిచింది. మూడో రోజు నేను ఆ కర్ర తీసి మేడ మీద పడేశాను.

"ఎందుకు దీసినవ్ అన్నా?"

"ఒక దిక్కు కర్ర వెడితే డోరు మెలి వడతది. రెండో షాకర్ మీద బరువంత వడతది. అది గూడ ఖరాబైతది."

"నువ్వు జెప్తే గంతే అన్న. నాకేం దెలుసు."

అతడు వాదించి ఉంటే నేను కర్ర తిరిగి ఇచ్చేవాడినేమో. వాదించలేదు.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది, చలి బాగా ఉంది. వాకిట్లో కారుకు సామాను ఎక్కిస్తున్నారు. నేను టేపుతో కొలిచి, అరుగు మీద కూర్చుని అంకె రాస్తున్నాను. మరదలు కుడి చెయ్యి డిక్కీ గడప మీద ఆనించి, ఎడమ చేత్తో పిండి డబ్బా సర్దుతోంది. తమ్ముడు వెనక సీటు దగ్గరి తలుపు తీసి పొయ్యి సిలిండరు లోపల దించాడు. కారు ఒక్కసారి కుంగి లేచింది.

డోరు మెల్లగా దిగడం మొదలైంది. పూర్తిగా పైకి ఉన్నప్పుడు డోరు బరువు అంతగా తెలియదు. కిందికి వచ్చేకొద్దీ ఆ బరువు పెరిగినట్టవుతుంది. సగం ప్రాణం ఉన్న షాకర్లు పై కొసన ఎలాగో ఆపుతాయి. అక్కడి నుంచి జారితే ఇక ఆపలేవు. నేను తల ఎత్తేసరికి అది పడిపోతోంది. అంచుకు ఉన్న తాళం ఇనుము సరిగ్గా ఆమె మణికట్టు మీద పడింది.

ఆమె అరవలేదు. "బావా, డోరు" అంది, ఎవరో వచ్చారని చెప్పినట్టు. నేను పెన్ను పడేసి పోయి డోరు ఎత్తాను. చెయ్యి పక్కకు ఒంగి ఉంది.

దవాఖానలో మణికట్టు దగ్గర రెండు ఎముకలూ విరిగాయన్నారు. లోపల తీగలు వేసి, పైన పట్టీ కట్టారు. మత్తు దిగాక ఆమె డాక్టరును అడిగిన మొదటి మాట, "రొట్టెలు జేస్తనా సారు?"

"ముందు ఎముక అతకనియ్యమ్మా. తర్వాత చూద్దాం."

"అతికినంక జేస్తనా?"

డాక్టరు నా వైపు చూశాడు, పెద్దవాడిని కాబట్టి నేను ఏదైనా సర్దిచెబుతానని. నేను మందుల చీటీ అందుకున్నాను.

కొత్త షాకర్లు వేయించడానికి నేను, తమ్ముడు పెద్ద అంబర్‌పేట్ వైపు ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాం. నడివయసు మనిషి, నోరు ఊరుకోని మనిషి. పాతవి ఊడదీసి, ఒకదాన్ని నేలకు ఆనించి అరచేత్తో నొక్కాడు. మెత్తగా లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

"సచ్చిపోయినయ్ ఇవి."

తమ్ముడు అడిగాడు. "టైర్లల్ల నింపే నైట్రోజనే గద ఇండ్ల ఉండేది? గదే నింపరాదు?"

"అన్నా, టైరుకు కొట్టే గాలి దీనికి దోమ గుట్టినట్టు. ఇండ్ల గాలి దానికి ఎన్ని రెట్లుంటదో దెలుసా? కొందరు రంధ్రం జేసి, వాల్వు అతికి నింపుతరు. నేను జెయ్య. పేలితే మొఖం ఉండదు." తర్వాత కడ్డీని వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. నవ్వాడు. "గిది జూడు బాపు. ఎవలో గిన్నె అనుకోని తోమిండ్రు."

కడ్డీ మీద సన్నటి గీతలు, చుట్టూ, వెంట్రుకల్లా. గొట్టం మూతి దగ్గర పసుపు రంగు ఇంకా కొంచెం ఉంది. తమ్ముడు అది చూశాడో లేదో నాకు తెలియలేదు. లోపల ఎలా ఉంటుందని మాత్రం మెకానిక్‌ను అడిగాను. గాలి వదిలేసి నిలువుగా కోసిన పాత షాకర్ ఒకటి అతని దగ్గర ఉంది, దాంట్లో స్క్రూడ్రైవర్లు పెట్టుకున్నాడు. అవి తీసి నా చేతికిచ్చాడు.

ఇంత సులువైన వస్తువని నేను అనుకోలేదు. మూసిన గొట్టం, అందులో గట్టిగా కుక్కిన నైట్రోజన్, కొద్దిగా నూనె. కడ్డీ లోపలి కొసకు ఒక పిస్టన్. పిస్టన్‌కు సన్నటి దారి ఉంటుంది కాబట్టి గ్యాసు రెండు వైపులా ఒకే ఒత్తిడితో ఉంటుంది. మరి కడ్డీని బయటికి తోసేదేమిటి? పిస్టన్‌కు ఒక వైపు కడ్డీ అతికి ఉంది. కడ్డీ మందం ఉన్నంత మేర ఆ వైపు గ్యాసుకు నొక్కే చోటు తక్కువ. ఆ కొంచెం తేడానే డోరు మొత్తాన్ని మోస్తుంది. ఆ సన్నటి దారిలోంచి గ్యాసు మెల్లగా పోవాలి కాబట్టి డోరు ఎగిరిపడకుండా నెమ్మదిగా లేస్తుంది. ఆఖరున నూనె అడ్డుపడి మెత్తగా ఆపుతుంది.

ఇదంతా నిలిచేది మూతి దగ్గర ఉన్న ఒక రబ్బరు వలయం మీద. ఉంగరమంత ఉంది, నల్లగా. పెదవి లాంటి దాని లోపలి అంచు కడ్డీని కరుచుకుని ఉంటుంది. లోపలి ఒత్తిడి ఎంత ఎక్కువైతే పెదవి అంత గట్టిగా కరుచుకుంటుంది, అంటే పారిపోవాలనుకునే గ్యాసే తన తలుపు తాను నొక్కి పెడుతుంది. దానికి కావలసినవి రెండే. కడ్డీ గాజులా నున్నగా ఉండాలి. సీలు నూనెలో తడుస్తూ ఉండాలి. అందుకే కడ్డీ కిందికి ఉండేలా బిగిస్తారు, నూనె జారి వచ్చి సీలు మీద నిలవాలని. కానీ ఆ నూనె లోపలే ఉండాలి. బయట చుక్క కనిపించిందంటే పెదవి తెగినట్టే. ముందు నూనె పోతుంది, సీలు ఎండుతుంది, దాని వెనకే గాలి పోతుంది. పంపులో ఏది ఆరోగ్యమో ఇక్కడ అదే రోగం. నేను పెట్టిన బొట్టు గరుకుగా ఎండి సీలు కిందికి పోయింది. పీచు గీసిన గీతలు కడ్డీ లోపలికీ బయటికీ పోయినప్పుడల్లా ఆకురాయిలా ఆ పెదవిని అరగదీశాయి.

ఇంటికి రాగానే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. బొట్టు సంగతి, పీచు సంగతి, నూనె చూసి మంచిదనుకున్న సంగతి. పుస్తకం తెచ్చి కొలతలు కూడా చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దాచలేదని అనిపించుకోవడానికేమో.

తమ్ముడికి బొట్టు మీద కోపం రాలేదు. "గా కర్ర ఎందుకు దీసినవ్ అన్న?" అన్నాడు. నేను చెప్పబోయాను. "ఎందుకు దీసినవ్?" అని మళ్లీ అదే అడిగి, లేచి బయటికి పోయాడు. పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరదలు పట్టీ కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పుస్తకం చూసింది. ఆమెకు చదవడం అంతగా రాదు, అంకెలు తెలుస్తాయి. పైనుంచి కిందికి వేలు పెట్టుకుంటూ మధ్యాహ్నం కొలతలు ఒక్కటే చూసింది.

"దిగుకుంటనే వచ్చింది గద బావ."

"అవ్."

"రోజు రాసుకున్నవ్. ఒక్కనాడన్న మాకు సదివి ఇనిపిస్తే అయిపోతుండె." పుస్తకం మూసి, "పీచు నేనే ఇచ్చిన తీ" అంది. నా తప్పులో సగం తన మీద వేసుకుందా, లేక ఇక ఆ మాట చాలు అందా, అడగలేదు.

పట్టీ విప్పే రోజు కోసం ముగ్గురం ఎదురుచూశాం. విప్పాక చెయ్యి సన్నబడి, చర్మం పొరలుగా లేచి, ఎవరిదో చెయ్యిలా ఉంది. వేళ్లు కదిలాయి. మణికట్టు ముందుకు వంగింది, వెనక్కి సగమే వచ్చింది. పక్కకు తిరగలేదు. వేడినీళ్లలో పెట్టి రోజుకు మూడుసార్లు తిప్పమన్నారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తిప్పింది. కళ్లలో నీళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ తిప్పింది. నెలలు గడిచాయి. ఎంత వచ్చిందో అక్కడే ఆగిపోయింది. డాక్టరు ఇక ఇంతేనమ్మా అన్నాడు.

ఆ మర్నాడు పీట వేసుకుంది. పిండి నేను కలిపాను, ఆమె చెప్పినట్టు. ముద్ద తీసుకుని తట్టడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు సరిగ్గా పడ్డాయి. తర్వాత రొట్టె తిరగాల్సిన చోట తిరగలేదు, ఒకే చోట దెబ్బ మీద దెబ్బ పడి మధ్యలో పలచనైంది, అంచు పగిలింది. తడి వేలితో అతికింది. ఎత్తి పెంక మీద వేయబోతే రెండుగా విరిగింది. ఎడమ చేత్తో చేసింది. చాయ్ సాసరంత వచ్చింది. అలాంటివి నాలుగు చేసేసరికి పొయ్యి మీద పెంక పొగలు కక్కింది. తమ్ముడు వచ్చి పొయ్యి ఆపేశాడు. తాను తడతానన్నాడు, తట్టాడు కూడా. నేనూ ప్రయత్నించాను. మా రొట్టెలు పిడకల్లా వచ్చాయి. వారం రోజులు అవే పట్టుకుపోయి అమ్మారు. తెలిసిన గిరాకీ ఒకసారి మర్యాదకు తిని, రెండోసారి ఆగలేదు.

తమ్ముడు ఇప్పుడు కోహెడ దగ్గర ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. కారు వాకిట్లోనే ఉంటుంది. కొత్త షాకర్లు బాగున్నాయి.

మొన్న ఒక లారీ డ్రైవర్ ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. రోడ్డు మీద కారు కనిపించడం లేదని ఎవరినో అడిగి తెలుసుకున్నాడట. మరదలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది, ఎడమ చెయ్యి వాటంగా. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను.

"ఏందమ్మా, రొట్టెలు బంద్ వెట్టిండ్రా?"

"అవ్ అన్న. చెయ్యి తిరుగుత లేదు."

"ఏమైంది చేతికి?"

ఆమె నా వైపు చూడలేదు. చేటలో ఏదో రాయి ఏరి పక్కన పెట్టింది.

"డోరు వడ్డది."

"అయ్యో. జర జూసుకోవాలె గద అమ్మా."

"అవ్" అంది. చెరగడం ఆపలేదు.

అతను చాయ్ తాగి పొమ్మంటే వద్దని, వెళ్లిపోయాడు.